ఏడు రాగి నాణేల బ్యాటరీ: మైకేల్ ఫారడే జీవితం

అయిపోయిన టార్చిలైటు సెల్లును రాతిమీద పెట్టి చితకగొట్టి, అందులోని నల్లని కడ్డీని బయటికి లాగి, ఇంటి గోడలన్నీ గీతలతో నింపని పిల్లవాడు మన పల్లెల్లో ఒకప్పుడు అరుదు. ఆ కడ్డీ బొగ్గు. దాని చుట్టూ ఉండే నల్లని ముద్ద మాంగనీసు డయాక్సైడు కలిసిన మిశ్రమం. పైనున్న డొప్ప జింకు అనే లోహం. కొత్త సెల్లులో గట్టిగా, నున్నగా ఉండే ఆ డొప్ప, వాడి పారేసిన సెల్లులో పలచబడి, అక్కడక్కడా చిల్లులు పడి, చెదలు తిన్నట్లు కనిపిస్తుంది. దీపం వెలిగినంతసేపూ అది కరిగిపోతూ వచ్చిందన్నమాట. మనకు వెలుగు ఊరికే రాలేదు. జింకు వెల చెల్లించింది.

ఎంత కరెంటుకు ఎంత లోహం ఖర్చవుతుందో లెక్క కట్టి లోకానికి చెప్పినవాడు గొప్ప విశ్వవిద్యాలయాలలో చదివిన పండితుడు కాడు. చదవడం, రాయడం, కొద్దిపాటి కూడికలు తీసివేతలు మాత్రమే బడిలో నేర్చిన ఒక కమ్మరి కొడుకు. పేరు మైకేల్ ఫారడే. విద్యుత్తును పుట్టించే జనరేటరుకు మూలమైన సూత్రాన్ని కనిపెట్టినవాడుగా ఆయన పేరు చాలామందికి తెలుసు. అయితే రసాయన శాస్త్రానికి, విద్యుత్తుకు మధ్య ఆయన వేసిన వంతెన గురించి తెలిసినవారు తక్కువ. ఈ వ్యాసంలో ముఖ్యంగా ఆ వంతెన కథనే చెప్పుకుందాం.

మైకేల్ 1791 సెప్టెంబరు 22న లండన్ నగరానికి దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్ బట్స్ అనే చోట జన్మించాడు. తండ్రి జేమ్స్ ఉత్తర ఇంగ్లండులోని వెస్ట్‌మోర్లండు ప్రాంతం నుండి బతుకుతెరువు కోసం వచ్చిన కమ్మరి. తల్లి మార్గరెట్. నలుగురు సంతానంలో మైకేల్ మూడవవాడు. తండ్రికి తరచుగా జబ్బు చేసేది; కొలిమి రాజుకోని రోజున ఇంట్లో పొయ్యి రాజుకోవడమూ కష్టమే. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు పదేళ్ల మైకేల్‌కు వారానికి ఒక రొట్టె చొప్పున ఇచ్చి, దానితోనే ఏడు రోజులూ గడుపుకొమ్మనేవారట.

అతడు పుట్టిన ఆ 1791వ సంవత్సరంలోనే ఇటలీలోని బొలోన్యా నగరంలో లుయీజీ గాల్వానీ అనే వైద్య పండితుడు ఒక గ్రంథం ప్రచురించారు. చచ్చిన కప్ప కాలికి రెండు వేర్వేరు లోహాలు తగిలిస్తే ఆ కాలు తటాలున కదలడం ఆయన గమనించారు. విద్యుత్తు కప్ప శరీరంలోనే ఉందని ఆయన వాదం. అదే దేశస్థుడైన అలెస్సాండ్రో వోల్టా దీనికి ఒప్పుకోలేదు. కప్పకు ఏ సంబంధమూ లేదు, రెండు లోహాలు కలవడమే విద్యుత్తుకు కారణమన్నారు. 1800లో వోల్టా వెండి బిళ్ల, జింకు బిళ్ల, వాటి మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క, ఇలా ఒకదానిపై ఒకటి పేర్చి, ఎడతెగకుండా విద్యుత్తు నిచ్చే దొంతరను తయారు చేసి చూపారు. అదే లోకంలో తొలి బ్యాటరీ. ఆ సంవత్సరమే ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఆ దొంతర తీగలను నీటిలో ముంచి, నీరు రెండు వాయువులుగా విడిపోవడం కనుగొన్నారు. 1807లో హంఫ్రీ డేవీ అదే పద్ధతిలో పొటాషియం, సోడియం అనే కొత్త లోహాలను వెలికితీశారు. పండితులు ఇంత హడావుడిగా ఉన్న ఆ రోజుల్లో మైకేల్ లండన్ వీధుల్లో వార్తాపత్రికలు పంచుతున్నాడు.

పుస్తకాల కొట్టులో

1804లో పదమూడేళ్ల వయసులో అతడు బ్లాండ్‌ఫర్డ్ వీధిలోని జార్జి రీబో అనే పుస్తక వ్యాపారి వద్ద కుర్రవాడిగా చేరాడు. ఏడాది తిరిగేసరికి రీబో అతణ్ణి పుస్తకాలు కుట్టే పనిలో ఏడేళ్ల శిష్యరికానికి తీసుకున్నాడు. పని నేర్పినందుకు యజమానికి కొంత రుసుము చెల్లించడం ఆనాటి ఆచారం. కుర్రవాడి నమ్మకమైన సేవ చూసి రీబో ఆ రుసుము పుచ్చుకోలేదు. కమ్మరి కుటుంబానికి అది చిన్న మేలు కాదు.

పగలు కుట్టిన పుస్తకాన్ని రాత్రి చదవడం మైకేల్‌కు అలవాటైంది. కుట్టడానికి వచ్చిన బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీది వ్యాసం అతణ్ణి కట్టిపడేసింది. తరువాత జేన్ మార్సెట్ అనే విదుషి 1806లో వెలువరించిన రసాయన శాస్త్ర సంభాషణల పుస్తకం చేతికందింది. ఒక అధ్యాపకురాలు ఇద్దరు బాలికలకు రసాయన శాస్త్రం బోధిస్తున్నట్లు సాగే రచన అది. మైకేల్ చదివి ఊరుకోలేదు. అందులో చెప్పినవి నిజమో కాదో తన చేతిలోని కొద్దిపాటి చిల్లరతో కొనగలిగిన సామగ్రి తెచ్చి చేసి చూసేవాడు. నిజమని తేలినప్పుడే నమ్మేవాడు. ఈ గుణం అతడికి కడదాకా పోలేదు. పెద్దవాడై పేరు పొందిన తరువాత కూడా మార్సెట్ గారిని తన తొలి గురువుగా తలచి, తన పరిశోధన పత్రాలను ఆమెకు పంపుతుండేవారు.

1810లో తండ్రి మరణించాడు. ఆ సంవత్సరమే జాన్ టేటమ్ అనే ఆయన తన ఇంట్లో ఇచ్చే శాస్త్ర ఉపన్యాసాలకు మైకేల్ వెళ్లసాగాడు. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. ఆ షిల్లింగు ఇచ్చినవాడు అన్న రాబర్ట్, అతడూ కమ్మరే. తమ్ముడి చదువుకు అన్న సుత్తి దెబ్బల సంపాదన ఖర్చు చేయడం మన ఇళ్లలో ఎరుగని సంగతి కాదు. కాని ఫారడే చరిత్ర రాసేవారు రాబర్ట్ పేరును ఒక్క వాక్యంలో దాటిపోతారు. నాకది ఎప్పుడూ కొరతగానే తోస్తుంది.

1812 జూలైలో మైకేల్ తన మిత్రుడు బెంజమిన్ అబ్బట్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఏడు అర్ధపెన్నీ నాణేలు, అదే పరిమాణంలో కత్తిరించిన ఏడు జింకు బిళ్లలు, వాటి మధ్య ఉప్పునీటిలో నానబెట్టిన కాగితపు ముక్కలు పేర్చి తాను స్వయంగా బ్యాటరీ చేసిన ముచ్చట అందులో ఉంది. అర్ధపెన్నీ ఆ రోజుల్లో రాగి నాణెం. దొంతర రెండు కొనలకూ తీగలు కట్టి, వాటిని మెగ్నీషియం సల్ఫేటు, అంటే భేది ఉప్పు ద్రావణంలో ముంచాడు. తీగల మీద సన్నని బుడగలు పుట్టాయి. రెండు గంటలకు తేటనీరు లాంటి ద్రావణం మసకబారింది. అందులోని మెగ్నీషియా విడివడి బయటికి వచ్చింది. ఇరవై ఏళ్ల పుస్తకాల కూలి ఏడు చిల్లర నాణేలతో ఒక పదార్థాన్ని విడగొట్టాడు!

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆ దొంతరలో జరిగిందేమిటో నేటి మాటల్లో చెప్పుకోవాలి. జింకు పరమాణువు ఒక్కొక్కటి రెండేసి ఎలక్ట్రాన్లను వదులుకొని ద్రావణంలోకి కరిగిపోతుంది. ఎలక్ట్రాన్లను వదులుకోవడాన్ని ఆక్సీకరణం అంటారు. వదిలిన ఎలక్ట్రాన్లు తీగ వెంట ప్రయాణించి రాగి వైపు చేరతాయి. అక్కడ తడిలో ఉన్న పదార్థం వాటిని పుచ్చుకుంటుంది. పుచ్చుకోవడాన్ని క్షయకరణం అంటారు. ఇచ్చేవాడు లేనిదే పుచ్చుకొనేవాడు ఉండడు కనుక ఈ రెండూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి. ఇనుము తుప్పు పట్టడం, కట్టె కాలడం, మన ఒంట్లో అన్నం శక్తిగా మారడం కూడా ఈ ఇచ్చిపుచ్చుకోవడాలే. తేడా ఒక్కటే. కట్టె కాలేటప్పుడు ఇచ్చేదీ పుచ్చుకొనేదీ ఒకేచోట కలుసుకొని, శక్తి అంతా వేడిగా పోతుంది. బ్యాటరీలో ఆ రెంటినీ దూరదూరంగా ఉంచి, ఎలక్ట్రాన్లు తీగ చుట్టూ తిరిగి పోయేలా చేస్తాం. ఆ దారిలో దీపం పెడితే దీపం వెలుగుతుంది. అటువైపు ద్రావణంలో తీగలు ముంచితే, కరెంటు బలవంతం మీద అక్కడ మరొక ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. మైకేల్ చూసిన బుడగలు అవే. ఎలక్ట్రాను అనే మాట అప్పటికి పుట్టలేదు. ఆయన జీవితాంతం అది లేకుండానే పని చేశారు.

డేవీ చెంతకు

ఆ 1812 వసంతంలోనే, కొట్టుకు వచ్చే విలియం డాన్స్ అనే ఖాతాదారు, ఈ కుర్రవాడి ఆసక్తి చూసి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చాడు. మైకేల్ నాలుగు ఉపన్యాసాలు విని, ప్రతి మాటా రాసుకొని, బొమ్మలు గీసి, సుమారు మూడు వందల పుటలు కూర్చి, తన చేతి పనితనంతో చక్కని పుస్తకంగా కుట్టాడు. అక్టోబరులో శిష్యరికం ముగిసింది. వేరొక యజమాని దగ్గర కూలికి చేరాడు, మనసు నిలవలేదు. రాయల్ సొసైటీ అధ్యక్షుడైన జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉద్యోగం కోసం ఉత్తరం రాస్తే జవాబే రాలేదు. డిసెంబరులో ఆ కుట్టిన పుస్తకాన్ని డేవీకే పంపాడు. డేవీ పిలిచి మాట్లాడారు గాని, ఖాళీ లేదని పంపేశారు. అయితే 1813 ఫిబ్రవరిలో అక్కడి సహాయకుడొకడు కొట్లాటకు దిగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మార్చి 1న ఆ స్థానంలో ఫారడే చేరారు. జీతం వారానికి 25 షిల్లింగులు, మేడపైన రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు.

ఆ అక్టోబరులో డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరారు. ఫారడే శాస్త్ర సహాయకుడిగా వెంట వెళ్లారు. చివరి నిమిషంలో డేవీ గారి పనివాడు రానన్నందున ఆ పనులు కూడా ఫారడే మీదే పడ్డాయి. డేవీ భార్య ఆయనను సేవకులతో సమానంగానే చూసింది. భోజనం కూడా సేవకులతోనే. తిరిగి వెళ్లిపోవాలని ఒక దశలో ఆయన అనుకున్నారు. ఓర్చుకున్నందువల్ల కలిగిన లాభం తక్కువది కాదు. పారిస్‌లో అయోడిన్ పరీక్ష, ఫ్లారెన్సులో సూర్యకాంతిని కటకంతో కేంద్రీకరించి వజ్రాన్ని కాల్చడం కళ్లారా చూశారు. 1814 జూన్‌లో మిలాన్ నగరంలో వృద్ధుడైన వోల్టాను కలిశారు. ఏడు నాణేల బ్యాటరీ చేసిన పనివాడు ఆ బ్యాటరీని లోకానికిచ్చిన పెద్దమనిషి ఎదుట నిలబడిన ఘడియ అది.

తిరిగి వచ్చిన తరువాత ఆయన మెల్లమెల్లగా స్వతంత్ర పరిశోధకుడిగా ఎదిగారు. 1821 జూన్‌లో సారా బార్నార్డ్‌ను వివాహమాడారు. వారికి పిల్లలు లేరు; ఇద్దరూ సాండిమేనియన్లు అనే చిన్న క్రైస్తవ సంఘానికి చెందినవారు. ఆ సెప్టెంబరులో ఫారడే కరెంటు ప్రవహించే తీగ అయస్కాంతం చుట్టూ గిరగిర తిరిగే పరికరం చేశారు. నేటి మోటార్లన్నింటికీ అది తాతవంటిది. ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. తీగ తిరుగుతుందన్న ఊహ విలియం వొలాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్తకు ముందే ఉండేది. ఆయన ఊహించిన తిరుగుడు వేరు, ఫారడే చూపింది వేరు. అయినా వ్యాసంలో ఆయన పేరు పేర్కొనకుండా తొందరపడి ప్రచురించడంతో, ఇతరుల ఆలోచన కాజేశాడన్న గుసగుసలు లేచాయి. కమ్మరి కొడుకు మీద అలాంటి మాట పడితే కడుక్కోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

1823లో ఫారడే క్లోరిన్ వాయువును ద్రవంగా మార్చారు. ఆ ఘనతలో తనకూ భాగముందని డేవీ ప్రకటించారు. ఆపైన మిత్రులు ఫారడే పేరును రాయల్ సొసైటీ సభ్యత్వానికి ప్రతిపాదించినప్పుడు, అప్పటి అధ్యక్షుడైన డేవీయే అడ్డు చెప్పారు. ప్రతిపాదన వెనక్కి తీసుకొమ్మని ఫారడేను కోరారు. ఫారడే తీసుకోలేదు. 1824 జనవరి 8న జరిగిన ఎన్నికలో ఒకే ఒక్క వ్యతిరేక ఓటు పడింది, ఫారడే సభ్యుడయ్యారు. చెయ్యి పట్టి పైకి లాగిన గురువే గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టడం ఆయన మనసును ఎంత నొప్పించిందో గాని, డేవీ గురించి బహిరంగంగా కఠినమైన మాట అనలేదు.

అదే 1824లో డేవీ చేపట్టిన ఒక పని మన విషయానికి దగ్గరగా ఉంది. ఇంగ్లండు యుద్ధనౌకల అడుగుభాగానికి నాచు, గుల్లలు పట్టకుండా రాగి రేకు తొడిగేవారు. సముద్రపు నీటిలో ఆ రాగి తినివేయబడేది. రాగికి అక్కడక్కడా జింకు లేదా ఇనుప ముక్క తగిలిస్తే, ఎలక్ట్రాన్లను సులభంగా వదులుకొనే ఆ లోహమే ముందు కరిగి రాగిని కాపాడుతుందని డేవీ ఊహించారు. ప్రయోగాల్లో ఫారడే సాయపడ్డారు. ఊహ అక్షరాలా నిజమైంది, రాగి చెక్కుచెదరలేదు. అయితే ఎవరూ తలచని చిక్కు వచ్చిపడింది. రాగి కొద్దికొద్దిగా కరుగుతూ ఉండటం వల్లనే నీటిలోని గుల్లలు, నాచు దాన్ని అంటకుండా ఉండేవి. రాగి కరగడం ఆగిపోగానే అవి దట్టంగా పట్టుకొని ఓడల వేగాన్ని తగ్గించాయి. నౌకాదళం ఆ ముక్కలను తీయించింది, డేవీ నవ్వులపాలయ్యారు. కాని సూత్రం పోలేదు. భూమిలో వేసే ఇనుప గొట్టాలను నేడు మెగ్నీషియం, జింకు దిమ్మెలతో కాపాడేది ఆ సూత్రంతోనే. మన ఇంట్లోని జి.ఐ. బకెట్టు కొంచెం గీరుకుపోయినా వెంటనే తుప్పు పట్టకపోవడానికీ అదే కారణం. ఇనుముకు బదులు జింకు పూత తాను కరుగుతుంది.

లెక్క కుదిరిన వేళ

డేవీ 1829లో జెనీవాలో మరణించారు. రెండేళ్లకు, 1831లో, అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించే సూత్రం ఫారడేకు చిక్కింది. దాని గురించి ఎన్నో పుస్తకాలున్నాయి కనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

ఆ వెంటనే ఆయనకు ఒక సందేహం పట్టుకుంది. గాజు చక్రాన్ని రాపాడిస్తే వచ్చే విద్యుత్తు, బ్యాటరీ ఇచ్చే విద్యుత్తు, అయస్కాంతం ఇచ్చే విద్యుత్తు, మెరుపులోని విద్యుత్తు, ఇవన్నీ ఒక్కటేనా, వేర్వేరా? ఆనాటి పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఫారడే ఒక్కొక్క రకంతోనూ పదార్థాలను విడగొట్టి, అయస్కాంతపు ముల్లును కదిపి, అన్నీ ఒక్కటేనని తేల్చారు. ఆ క్రమంలో ఒక చిత్రమైన లెక్క తేలింది. అంగుళంలో పద్దెనిమిదో వంతు మందం గల జింకు తీగ, ప్లాటినం తీగ బాగా పలచని ఆమ్లంలో అంగుళం కన్నా తక్కువ లోతు ముంచి, గడియారం ఎనిమిదిసార్లు కొట్టుకునేంత సేపు, అంటే 3.2 సెకన్లు ఉంచితే పుట్టే విద్యుత్తు, పెద్ద రాపిడి యంత్రాన్ని 30 చుట్లు తిప్పితే వచ్చే విద్యుత్తుకు సమానం. ఒక గ్రెయిను నీటిని, అంటే సుమారు 65 మిల్లీగ్రాములను విడగొట్టడానికి అలాంటి మోతాదులు 8,00,000 కావాలని ఆయన అంచనా వేశారు. ఒక నీటిబొట్టులోని రసాయన బంధాల వెనుక పెద్ద పిడుగుకు సరిపడే విద్యుత్తు దాగి ఉందన్నమాట.

ఇక దాన్ని కొలవాలి. కరెంటు పోయే దారిలో ఆమ్లం కలిపిన నీటి గొట్టాన్ని ఉంచి, అందులో పుట్టిన వాయువును కొలిచారు ఫారడే. తీగల చివర రేకులు పెద్దవి పెట్టి చూశారు, చిన్నవి పెట్టి చూశారు. ఆమ్లం చిక్కగా పెట్టారు, పలచగా పెట్టారు. బ్యాటరీ పలకల సంఖ్య మార్చారు. ఒకే కరెంటు మూడు గొట్టాల గుండా పోయినప్పుడు మూడింటిలోనూ వాయువు ఒకేలా వచ్చింది. మిగిలినవేవీ లెక్కలోకి రావు. పోయిన విద్యుత్తు ఎంతో, విడిన పదార్థం అంత. ఇది మొదటి నియమం.

రెండవది ఇంకా లోతైనది. కరిగించిన తగరపు క్లోరైడులోకి, నీటి గొట్టంలోకి ఒకే కరెంటును పంపి, ఇటు చేరిన తగరాన్ని తూచారు, అటు చేరిన వాయువును కొలిచారు. నాలుగుసార్లు చేసి సగటు తీస్తే తగరానికి 58.53 అనే అంకె వచ్చింది. రసాయన శాస్త్రజ్ఞులు వేరే దారిలో తగరానికి కట్టిన తుల్యభారం ఆనాడు 57.9. నేటి కచ్చితమైన విలువ 59.35. పుస్తకాలు కుట్టిన చేతుల కొలత ఆనాటి పట్టికల కన్నా సత్యానికి దగ్గరగా ఉంది! ఒకే విద్యుత్తు వేర్వేరు పదార్థాలను వాటి తుల్యభారాల నిష్పత్తిలోనే విడగొడుతుందని 1834 ఆరంభంలో ఆయన ప్రకటించారు.

నేటి లెక్కలో చెప్పాలంటే, 96,485 కూలంబుల విద్యుత్తు, అంటే ఒక ఆంపియరు చొప్పున దాదాపు 26 గంటల 48 నిమిషాలు ప్రవహించే కరెంటు, 1 గ్రాము హైడ్రోజన్‌ను, 8 గ్రాముల ఆక్సిజన్‌ను, 31.8 గ్రాముల రాగిని, 32.7 గ్రాముల జింకును, 108 గ్రాముల వెండిని, 9 గ్రాముల అల్యూమినియాన్ని విడదీస్తుంది. ఆ 96,485నే ఫారడే స్థిరాంకం అంటున్నాం. కొరాపుట్ జిల్లాలో ఉన్న మనవారికి దామన్‌జోడి తెలియనిది కాదు. అక్కడ శుద్ధిచేసిన అల్యూమినాను అంగుల్‌లో కరిగించి విద్యుత్తుతో లోహంగా మారుస్తారు. ఒక కిలో అల్యూమినియానికి ఎంత లేదన్నా దాదాపు 3,000 ఆంపియర్లు గంటసేపు ప్రవహించాలి. ఏ ఇంజనీరూ దీన్ని తగ్గించలేడు. ఫారడే నియమం ఒప్పుకోదు. తమిళనాట ఉన్నవారికి కారైక్కుడిలోని కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ పేరు తెలిసే ఉంటుంది. 1953లో ప్రారంభమైన ఆ సంస్థలో పనంతా ఈ శాస్త్రమే.

కొత్త విషయాలకు కొత్త మాటలు కావలసి వచ్చాయి. ఫారడేకు గ్రీకు, లాటిన్ రావు. కేంబ్రిడ్జిలోని విలియం హ్యూయెల్ అనే మహా పండితుణ్ణి ఉత్తరాల ద్వారా అడిగారు. కరెంటు తూర్పు నుండి పడమరకు పారుతున్నట్లు ఊహించి, సూర్యుడు ఉదయించే వైపును పైకి దారి అనే అర్థంలో ఆనోడు అని, అస్తమించే వైపును కిందికి దారి అనే అర్థంలో కాథోడు అని పేర్లు నిర్ణయించారు. ద్రావణంలో అటూ ఇటూ ప్రయాణించేదానికి, పోయేది అనే అర్థంలో అయాను అని పేరు పెట్టారు. మన పిల్లలు కన్నడంలో చదివినా, తమిళంలో చదివినా, ఒడియాలో చదివినా, మరాఠీలో చదివినా పై తరగతులకు పోయేసరికి ఈ మాటలు ఎదురుపడక తప్పవు. ఏ కొన ఏదో గుర్తుండక తికమకపడే విద్యార్థి సూర్యోదయాన్ని తలచుకుంటే చాలు. ఆక్సీకరణం ఎప్పుడూ ఆనోడు దగ్గరే, క్షయకరణం ఎప్పుడూ కాథోడు దగ్గరే.

ఫారడే ఒక్క విషయంలో మాత్రం వెనుకాడారు. పరమాణువులు నిజంగా ఉన్నాయని నమ్మడానికి ఆయన మనసు ఒప్పలేదు. ఒప్పి ఉంటే, ప్రతి పరమాణువూ విద్యుత్తును విడి గింజలుగా మోస్తున్నదని తన లెక్కల నుండే చెప్పగలిగేవారు. ఆ మాట 1881లో ఫారడే స్మారకోపన్యాసంలో హెల్మ్‌హోల్ట్స్ చెప్పారు. 1897లో జె.జె. థామ్సన్ ప్రయోగాలు ఆ గింజ ఉనికిని స్థిరపరిచాయి.

వోల్టా సిద్ధాంతాన్ని కూడా ఆయన వదలలేదు. లోహాలు తాకినంత మాత్రాన విద్యుత్తు ఎడతెగక పుడుతుందంటే, ఏమీ ఖర్చు కాకుండా శక్తి పుట్టినట్లే. రసాయన మార్పు లేనిదే కరెంటు సాగదని 1840 నాటి పరిశోధనల్లో ఒక్కొక్క ఉదాహరణగా చూపించారు. ఆయన మిత్రుడు, కింగ్స్ కళాశాల ఆచార్యుడు జాన్ ఫ్రెడరిక్ డేనియల్ అంతకుముందే 1836లో ఒక కొత్త ఘటం తయారు చేశారు. పాత బ్యాటరీలలో రాగి పలక మీద హైడ్రోజన్ బుడగలు కమ్ముకొని కరెంటు త్వరగా మందగించేది. డేనియల్ జింకును ఒక ద్రావణంలో, రాగిని మైలుతుత్తం ద్రావణంలో వేరువేరుగా ఉంచి, మధ్య సన్నని అడ్డు పెట్టారు. అప్పుడు రాగి వైపు బుడగలకు బదులు కొత్త రాగి పేరుకుంటుంది. కరెంటు సుమారు 1.1 వోల్టుల వద్ద నిలకడగా వస్తుంది. నేటి బడి పుస్తకాలలో విద్యుద్ఘటం పాఠానికి ఆనవాయితీగా ఇచ్చే ఉదాహరణ ఇదే.

మరపు

ఫారడేకు చిన్ననాటి నుండీ జ్ఞాపకశక్తి తక్కువ. అందుకే ప్రతిదీ రాసుకొనేవారు. ప్రయోగశాల దినచర్యలో 1832 నుండి ప్రతి పేరాకూ వరుస సంఖ్య వేశారు. ఆ సంఖ్య చివరికి 16,041 దాకా పోయింది. ఆ నోట్సును తానే కుట్టుకొనేవారు. సహాయకుడు చార్లెస్ ఆండర్సన్ అనే మాజీ సైనికుడు ఒక్కడే. ఒక సాయంత్రం ఆండర్సన్‌ను ఇంటికి పొమ్మని చెప్పడం ఫారడే మరచిపోగా, మరునాడు ఉదయం వచ్చి చూస్తే అతడు కొలిమిలో బొగ్గు వేస్తూనే ఉన్నాడని చెప్పుకొంటారు.

1840 ప్రాంతంలో ఈ మరపు జబ్బుగా ముదిరింది. తల తిరగడం, మాటలు తోచకపోవడం, చేసిన పని గుర్తులేకపోవడం మొదలయ్యాయి. కొన్నేళ్లు పరిశోధన దాదాపు ఆగిపోయింది. భార్యతో స్విట్జర్లాండు వెళ్లి కొండల్లో నడిచి కొంత కోలుకున్నారు. 1845లో కాంతి మీద అయస్కాంత ప్రభావాన్ని కనుగొన్నది ఈ దెబ్బ తిన్న తరువాతే. ఈ సంగతి తలచుకుంటే ఆయన మీద గౌరవం మరింత పెరుగుతుంది.

పదవులు, బిరుదులు ఆయనకు రుచించలేదు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు వద్దన్నారు. 1835లో ప్రభుత్వ పింఛను విషయంలో ప్రధాని మెల్బర్న్ ఇలాంటి పింఛన్లను చులకన చేసి మాట్లాడితే, లేచి వచ్చేసి, ఆ పింఛను అక్కరలేదని చీటీ పంపారు. ప్రధాని క్షమాపణ చెప్పుకున్న తరువాతే ఏటా 300 పౌన్ల పింఛను స్వీకరించారు. పిల్లలకు క్రిస్మస్ సెలవుల్లో ఉపన్యాసాలు ఇవ్వడం మాత్రం ఎంతో ఇష్టం. 1860-61 శీతకాలంలో ఒక కొవ్వొత్తిని ముందు పెట్టుకొని ఆరు ఉపన్యాసాలు ఇచ్చారు. మైనం ఎలా కరుగుతుంది, ఆవిరై ఎలా మండుతుంది, మంటలోంచి నీరు ఎలా పుడుతుంది, ఆ మంటకూ మన ఊపిరికీ పోలిక ఏమిటి అని పసిపిల్లలకు చూపించారు. అవి 1861లో పుస్తకంగా వెలువడి నేటికీ చదువరులను పొందుతూనే ఉన్నాయి.

1862 సెప్టెంబరులో ఆయన బాసెల్ నగరంలోని చిరకాల మిత్రుడు షోన్‌బైన్‌కు ఒక ఉత్తరం రాశారు. ఓజోన్‌ను కనుగొన్న శాస్త్రజ్ఞుడాయన; ఇద్దరూ పాతికేళ్లకు పైగా ఉత్తరాలు రాసుకున్నారు. రాసినదంతా అర్థంలేకుండా పోతున్నదని, రాసిన ఉత్తరాలను తానే చింపేస్తున్నానని, ఇక సాఫీగా ఒక్క పంక్తి కూడా సాగడం లేదని ఫారడే అందులో తెలియజేశారు. మిత్రుడికి ఆయన రాసిన ఆఖరి ఉత్తరం అదే.

చివరి సంవత్సరాలు హాంప్టన్ కోర్టు వద్ద విక్టోరియా రాణి 1858లో ఇచ్చిన ఇంట్లో గడిచాయి. సారా దగ్గరుండి చూసుకునేది. 1867 ఆగస్టు 25న కుర్చీలో కూర్చొని ఉండగా ఫారడే కన్నుమూశారు. ఆయన ముందుగా కోరినట్లే ఆడంబరం లేకుండా లండన్‌లోని హైగేట్ శ్మశానంలో సమాధి చేశారు. రాతి మీద బిరుదులేవీ లేవు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి.